ఇరువది యంకెల పద్యము

సాగరు ఎడమకాలువ నీట పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల ముంగిట రాశులై యుండుట చూచిన బాలునకు, ఇందు గింజలెన్ని యను ప్రశ్న తోచుట సహజము. కోదాడ పొలముల నడుమను, సూర్యాపేట మార్కెట్టు చెంతను పెరిగిన బిడ్డలకును అది క్రొత్త ప్రశ్న కాదు. అట్టి వారికి చదరంగపు లెక్క చెప్పదగినది.

మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టించుచు పోయినచో మొత్తము 18446744073709551615 అగును. వేయి వడ్లగింజలు 25 గ్రాములు తూగునని యెంచినచో ఈ రాశి సుమారు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతటను ఏటేట పండు వడ్లు ఇప్పుడు సుమారు 80 కోట్ల టన్నులు. ఐదువందల యేండ్ల పంటయు దీనికి చాలదు.

ఈ సంఖ్యను నిమిడ్చుకొన్న చంపకమాల యొకటి పావులూరి మల్లనదిగా ప్రసిద్ధము. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించిన కవి యాతడు. పద్యమున అంకెలకు మారుపేర్లు వాడబడినవి. శరములైదు, శశి యొకడు, వేదములు నాలుగు, గిరులేడు, గగనము సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు వ్రాసికొనవలెను.

ఈ పద్యమును వల్లెవేయించి, పూర్వుల ప్రజ్ఞకు చేతులు జోడించి యూరకుండుట విద్య కాదు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీయు ఈ సంఖ్యనే గణించి వ్రాసెను. తెలుగువాని సొత్తు సంఖ్య కాదు, దానిని పదిలపరచిన తీరు.

ఆ తీరును విద్యార్థి స్వయముగా పరీక్షింపవలెను. ఈ యిరువది యంకెల మొత్తము 87. కావున సంఖ్యను మూడు నిశ్శేషముగా భాగించును. పద్యము నడుమనున్న ‘శర’కు బదులు ‘శశి’ పడినదనుకొందురు గాక. రెండును రెండేసి లఘువులే గనుక ఛందస్సు చెడదు. కాని మొత్తము 83 అగును, మూడు భాగింపదు, తప్పు బయటపడును. ‘వేద’ యున్నచోట ‘గిరి’ పడినచో మొత్తము 90; మూడు భాగించును, లెక్క మోసపోవును. అయినను గురువుండవలసిన చోట లఘువు వచ్చుటచే గణము చెడి, ఛందస్సు తప్పు పట్టును. ఒక కావలి కునికినచో రెండవది మేలుకొని యుండును.

పరీక్షింపని మాట పెద్దలదైనను నిలువదు. ఈ సంఖ్యకు 4294967297 ఒక భాజకము. అది ప్రధానసంఖ్య యని ఫెర్మా తలచెను. 641 దానిని భాగించునని 1732లో ఆయిలర్ చూపెను.

కనుక ఆ మూడు పట్టణముల బడులలో తెలుగు పంతులును లెక్కల పంతులును ఏడాది కొక్క దినమైనను ఒకే తరగతిలో నిలిచి యీ పద్యమును బోధింపవలెను. గణితము తన భాషకు దూరమను దిగులు ఆనాడు విద్యార్థి మనసున మిగులదు.