గిన్నెలు తోమే బూడిదా? చరిత్ర చెప్పే బూడిదా?

బాలలూ! హైదరాబాదు పక్కన జల్‌పల్లిలో ఒక చెరువు ఉంది. ఆ చెరువైనా, మీ ఊరి చెరువైనా ఎలా ఏర్పడింది? పారే వాననీటికి అడ్డంగా మన పెద్దలు గట్టు వేశారు, నీళ్లు నిలిచాయి. గట్టు వేసేవారే లేకుండా, అగ్నిపర్వతం కుంగిపోయి ఏర్పడిన సరస్సులు కూడా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె పెద్దది ఇండోనేషియాలో, సుమత్రా దీవిలో ఉన్న టోబా. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు!

సుమారు 74,000 సంవత్సరాల కిందట అక్కడ మహా విస్ఫోటనం జరిగింది. నేల లోపలి శిలాద్రవం పైకి చిమ్మింది. అడుగున చోటు ఖాళీ కావడంతో పైనేల కుంగిపోయింది. ఇలా ఏర్పడే పెద్ద గుంటను 'కాల్డెరా' అంటారు. అందులో నీరు చేరి సరస్సయింది. ఆ అగ్నిపర్వతం ఇప్పుడు నిద్రపోతోంది, అంతేగాని చావలేదు.

ఎందుకంటే హిందూ మహాసముద్రం అడుగునున్న భూఫలకం సుమత్రా కిందికి మెల్లమెల్లగా చొచ్చుకుపోతూనే ఉంది. అక్కడి అగ్నిపర్వతాలకూ, భూకంపాలకూ మూలం అదే. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరం దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 9.1. అది లేపిన సునామీ మన కోస్తాలో కూడా 100 మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

టోబా కూడా ఒకప్పుడు మన నేలను తాకింది. దాని బూడిద గాలిలో 2,600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, నేటి నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురం మీద రాలింది. పేరులో జ్వాల ఉన్నా ఆ ఊళ్లో అగ్నిపర్వతం లేదు. అయినా జుర్రేరు లోయలో తెల్లని బూడిద పొర ఉంది. చుట్టుపక్కల వాలుల నుంచి వాననీరు తెచ్చి చేర్చడంవల్ల కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లు దాటింది. రసాయన పరీక్షలో అది టోబా బూడిదేనని తేలింది.

ఆ పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. అవి ఒకే తీరులో ఉన్నాయని పరిశోధకులు 2007లో ప్రకటించారు. అంత విపత్తు తరువాత కూడా ఇక్కడ మనుషులు బతికి బట్టకట్టారని వారి వాదన. ఆ మనుషులు ఎవరన్నది మాత్రం శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు.

ఈ చర్చ తేలాలంటే పొర ఉన్నచోటనే ఉండాలి. ఏది కింద, ఏది పైన అన్నదే ఇక్కడ సాక్ష్యం. మరి మనం చేసిందేమిటి? ఈ బూడిదలో ఉండేవి సన్నని గాజు ముక్కలు. మురికిని బాగా గీకుతాయి. అందుకని ఏళ్ల తరబడి తవ్వి, తోముడు పొడుల తయారీకి అమ్ముకున్నారు! పొట్లంలోకి చేరిన బూడిద గిన్నెను మెరిపిస్తుందేమో గాని, చరిత్ర చెప్పలేదు.

పొట్టకూటికి పలుగు పట్టినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. తవ్వకమూ, రక్షణా రెండూ సాగించే దారి ఉంది. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి. ఆ ఖనిజ నిక్షేపాన్ని భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. జ్వాలాపురంలో మిగిలిన బూడిద పొరకు అలాంటి గౌరవం ఎందుకు దక్కకూడదు? కొంత భాగానికి కంచె వేసి, తెలుగులో ఒక పలక పెట్టి, ఊరివారినే కాపలాకు, చూపించడానికి నియమిస్తే వారికీ నాలుగు రూపాయలు వస్తాయి.

'బూడిదలో పోసిన పన్నీరు' అంటాం. బూడిదంటే మనకంత చులకన! కాని శాసనం చెక్కిన రాయిని పగలగొట్టి గోడకు వాడితే మనం ఊరుకుంటామా? ఈ బూడిద ఏ శాసనంకంటెనూ పాతది. మీ సైన్సు మాస్టారినడిగి, మీ తరగతిలో ఈ విషయం చర్చించండి. ఏది నిలుపుకోవాలో రేపు నిర్ణయించేది మీరే కదా!