కృష్ణ దాటినంత మాత్రమున నైపుణ్యము తరుగునా?

పొన్నూరు పరిసరములందలి బియ్యపు మిల్లులలోను, గుంటూరు చుట్టునున్న మిరప కోల్డు స్టోరేజీలలోను, చిలకలూరిపేట ప్రత్తి మిల్లులలోను మోటారులకు స్టార్టరులు బిగించి, ప్యానెలు బోర్డులు కూర్చి, బొగ్గును ఉప్పును నింపి ఎర్తు గుంటలు సిద్ధపరచి చేయితిరిగిన ఎలక్ట్రీషియను, అదే పనికై ఖమ్మమునకో వరంగల్లునకో పోయినచో, అచటను అదే మిరప, అదే ప్రత్తి, అదే 230, 415 వోల్టుల విద్యుత్తు అతనికి ఎదురగును. అయినను అతని యొద్దనున్న పర్మిటు అచట తనంతతాను చెల్లునది కాదు; దానిని ఆ రాష్ట్ర ప్రభుత్వము అంగీకరింపవలెను.

ఈ స్థితికి మూలము చట్టమునందే యున్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 45వదియు, 2003 విద్యుత్ చట్టము ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో వెలువరించిన భద్రతా నిబంధనలలో 29వదియు ఒకే కట్టడిని విధించినవి. దీపము, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుట వంటి స్వల్పకార్యములను విడిచినచో, వినియోగదారుని ఆవరణలోని విద్యుత్ పనిని రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సుగల కాంట్రాక్టరే చేపట్టవలెను. సామర్థ్య ధ్రువపత్రముగల సూపర్‌వైజరు ప్రత్యక్షముగా పర్యవేక్షింపవలెను. రాష్ట్ర ప్రభుత్వము జారీచేసినదిగాని అంగీకరించినదిగాని యగు పర్మిటుగల వైర్‌మనే పని చేయవలెను. 2023లో వచ్చిన క్రొత్త నిబంధనలును ఈ మార్గమునే అనుసరించినవి.

ఈ కట్టడి సర్వథా సమంజసము. జిన్నింగు మిల్లులో గాలినిండ దూదినూగు పరచుకొనియుండగా, వదులైన ఒక్క జాయింటునుండి రాలిన నిప్పురవ్వ ఋతువంతయు కష్టించి పండించిన పంటను బూడిద చేయగలదు. కోల్డు స్టోరేజీలోని చెమ్మయందు ఎర్తింగు లోపించినచో కూలివాని ప్రాణమే పోవును. కావున పరీక్షలేని చేతికి పని అప్పగింపరాదనుటలో వివాదము లేదు. ఒక తెలుగు ప్రభుత్వము పరీక్షించి యోగ్యుడన్నవానిని మరియొక తెలుగు ప్రభుత్వము మొదటినుండి యోగ్యత నిరూపించుకొనుమనుట యుక్తమా యనునదే ప్రశ్న.

1956 నవంబరు 1 మొదలు 2014 జూన్ 2 వరకు పొన్నూరును ఖమ్మమును ఒకే రాష్ట్రమున నుండినవి; ఒకచోటి పర్మిటు రెండవచోట చెల్లినది. రాష్ట్రము విడిపోయిన పిదప ఓల్టేజి మారలేదు; వైరింగునకు ఐ.ఎస్. 732, ఎర్తింగునకు ఐ.ఎస్. 3043 అను భారతీయ ప్రమాణములు ఉభయత్ర ఒక్కటియే. ఐ.టి.ఐ.లో రెండేండ్ల ఎలక్ట్రీషియను శిక్షణ ముగించినవారికి లభించు జాతీయ వృత్తి ధ్రువపత్రమునకు దేశమంతట మన్నన కలదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రమున పొందిన డ్రైవింగు లైసెన్సు దేశమంతట చెల్లుచున్నది. వేగమున పోవు లారీని సరిహద్దు దాటించుటకు చాలిన విశ్వాసము, వైరింగు చేయు చేతియందు ఏల చాలదు?

పొరుగువాని తప్పునకు ఎవరు శిక్ష విధింతురు, దొంగ ధ్రువపత్రములను ఎట్లు పట్టుదురు అను ఆక్షేపణలు త్రోసివేయదగినవి కావు. కాని వానికి సమాధానము కలదు. నైపుణ్యము మనిషిని అంటి యుండును. బాధ్యత పనిజరిగిన చోటును అంటి యుండును. కావున ధనపరమైన పూచీతో కూడిన కాంట్రాక్టరు లైసెన్సును ఆయా రాష్ట్రములు తమ చేతనే యుంచుకొనవచ్చును. స్థలమును పరీక్షించు అధికారము స్థానిక విద్యుత్ తనిఖీ అధికారికే యుండవచ్చును. వైర్‌మను పర్మిటును, సూపర్‌వైజరు ధ్రువపత్రమును మాత్రము పరస్పరము అంగీకరించి, ఉభయులును చూడగల ఉమ్మడి పట్టికలో వానిని నమోదు చేసినచో, నకిలీలు బయటపడును, ఒకచోట రద్దయినది రెండవచోటను రద్దగును. ఆస్ట్రేలియా 1992లోనే పరస్పర గుర్తింపు చట్టము చేసి, ఒక రాష్ట్రపు ఎలక్ట్రీషియను రెండవ రాష్ట్రమున తన వృత్తిని సాగించుటకు దారి కల్పించినది.

మనకు క్రొత్త చట్టమైనను అక్కరలేదు; అంగీకరించు అధికారము నిబంధనలలోనే యున్నది. నీటివాటాలవలె, ఆస్తుల పంపకమువలె ఒకరు పొందిన మరియొకరు కోల్పోవు వ్యవహారము కాదిది. ఉభయ ప్రభుత్వముల చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరులు ఒకచోట కూర్చుండి, రానున్న ప్రత్తి, మిరప ఋతువునకు ముందే ఈ పరస్పరాంగీకారమును ఉత్తరువుగా వెలువరింప జేయుదురుగాక.