శరణాగతుని విడువరాదు: వధ లేని శునకశరణాలయాలు, మన ధర్మం

మహాభారతం ఆదిపర్వంలో తొలుత వచ్చే కథలలో సరమ కథ ఒకటి. జనమేజయుడు సత్రయాగం చేస్తుండగా దేవశుని అయిన సరమ కుమారుడు ఆ యజ్ఞవాటికకు వచ్చాడు. హవిస్సును చూడలేదు, ముట్టలేదు. అయినా రాజసోదరులు కొట్టి తరిమారు. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన అపరాధమేమని అడిగింది. ఎవరూ బదులు చెప్పలేదు. నిరపరాధిని హింసించిన మీకు ఊహింపని భయం కలుగుగాక అని శపించి వెళ్ళింది. అదే ఇతిహాసం చివర, మహాప్రస్థానిక పర్వంలో, ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు. ఆ శునకమే ధర్మదేవత అని తరువాత తెలిసింది. ఈ రెండు కథల మధ్య ఉన్న మహేతిహాసమంతటినీ మనం భక్తితో పారాయణ చేస్తున్నాము.

ఆ పారాయణ జరిగే మన ఓరుగల్లు నేలమీదనే, 2026 జనవరి మొదటి పక్షంలో, హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాలలో సుమారు 300 వీధిశునకాలను చంపించారన్న ఆరోపణ వచ్చింది. పోలీసులు కేసు నమోదు చేశారు. గ్రామపంచాయతీ ఎన్నికలు ముగిసి నెల తిరగకముందే ఇది జరిగింది. సంక్రాంతికి ఇదే జిల్లాలో ఐనవోలు మల్లన్న జాతర ఆరంభమవుతుంది. మహారాష్ట్రలో ఖండోబాగా కొలువబడే ఆ స్వామి చెంత శునకం ఉంటుంది. కాలభైరవునికి వాహనం శునకం. దత్తాత్రేయుని పాదాలచెంత నాలుగు శునకాలను నాలుగు వేదాలుగా భావించి నమస్కరిస్తాము. పటంలో పూజ, వీధిలో విషం! ఈ వైరుధ్యాన్ని సాధకుడైనవాడు చూడకుండా ఉండరాదు.

అయితే ఆ గ్రామస్థులను క్రూరులని నిందించి ఊరుకోవడం కూడా ధర్మం కాదు. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల ప్రాంతంలో వీధిశునకాల దాడికి ఒక వలస కుటుంబపు బాలుడు బలి అయ్యాడు. అంతకు మూడు నెలల ముందే హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు అదే విధంగా మరణించాడు. ఆ తల్లుల ముందు నిలిచి కేవలం భూతదయను ఉపదేశించగలవారెవరు? రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసంభవం. కనుక భయం నిజమైనది. బిడ్డకు అభయమివ్వలేని అహింస అసంపూర్ణం.

ఇక వధ ఆ భయాన్ని తొలగిస్తుందా? మదరాసు నగరం దశాబ్దాల తరబడి వీధిశునకాలను పట్టి చంపింది. సంఖ్య తగ్గలేదు. చివరకు 1996లో ఆ విధానాన్ని విడిచి సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకాల మార్గాన్ని చేపట్టింది. కారణం సులభంగా గ్రహింపవచ్చు. చెత్తకుప్పలో ఆహారం ఉన్నంతవరకు, ఖాళీ అయిన చోటికి పక్క ఊరి శునకాలు వస్తాయి. ఆడశునకం ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. వచ్చిన కొత్తవాటికి టీకా ఉండదు. కనీసం 70 శాతం శునకాలకు టీకా వేస్తేనే రేబీస్ పరంపర తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. టీకా పొందిన శునకాన్ని చంపడమంటే మన రక్షణను మనమే కూల్చుకోవడం.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శునకాలకు శస్త్రచికిత్స, టీకా చేసి, పట్టిన చోటనే విడవాలి. ఆ బాధ్యత స్థానిక సంస్థలది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు వంటి స్థలాల నుండి శునకాలను తొలగించి, శస్త్రచికిత్స, టీకాల అనంతరం శరణాలయాలలో ఉంచవలసినదని ఆదేశించింది. అంటే శరణాలయం ఇప్పుడు దయాళువుల వేడుక కాదు, ప్రతి పట్టణానికీ అనివార్యం. చోటు లేని ఊరికి ఆదేశం అందినప్పుడు విషమే సులభోపాయంగా తోచే ప్రమాదముంది.

ఈ భావన మనకు పరాయిది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలలపై అశోకుడు చెక్కించిన శాసనాలలో మనుష్యులకు, పశువులకు వేరువేరుగా వైద్యం ఏర్పాటు చేసిన ప్రస్తావన ఉన్నది. 1832లో ఆంగ్లప్రభుత్వం బొంబాయిలో వీధికుక్కలను చంపిస్తుంటే పార్సీలు వీధుల్లోకి వచ్చి ఎదిరించారు. తరువాత 1834లో అక్కడ పింజ్రాపోల్ వెలిసింది. నిరసన శరణాలయంగా పరిణమించింది. మనం నేర్వవలసినది ఈ రెండవ అడుగునే.

కాని ఒక హెచ్చరిక అవసరం. “చంపము” అన్నది వ్రతంలో సగం మాత్రమే. వంద ప్రాణులకు సరిపోయే కొట్టంలో వేయింటిని కుక్కి, తిండికి, వైద్యానికి దిక్కులేక చావనిస్తే అది అవధ కాదు, విలంబిత వధ. నిజమైన శరణాలయంలో పశువైద్యుడు ఉండాలి. కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్ళు వేరుగా ఉంచే గది ఉండాలి. ప్రతి ప్రాణికి లెక్క ఉండాలి. కుక్కపిల్లలను ఇళ్ళకు దత్తత పంపే ఏర్పాటు ఉండాలి. పాశ్చాత్యదేశాలలో, చేరిన ప్రాణులలో 90 శాతమైనా జీవించి ఉంటేనే వధరహితమనే పేరుకు అర్హత అని లెక్కిస్తారు. ఇక నయం కాని వ్యాధితో, ప్రాణాంతకమైన గాయంతో యాతనపడే ప్రాణికి వైద్యుడు నొప్పిలేని మరణమివ్వడానికి మన నియమాలు సైతం అనుమతిస్తున్నాయి. అక్కడ నిర్ణయించేది ప్రాణి బాధ మాత్రమే. మన సౌకర్యం, మన వ్యయం అందులో ప్రవేశించరాదు.

కొందరు భక్తులు అంటారు: “అది దాని ప్రారబ్ధం. మనమేమి చేయగలము?” ఈ మాట వేదాంతంలా వినిపించినా తమోగుణజనితమే. ఆ జీవిని మన వాకిట నిలిపినది దాని ప్రారబ్ధం కావచ్చు. దాని ఎడల మనం చేసేది మన ఆగామి కర్మ. సమదర్శనాన్ని చెప్పే సందర్భంలో గీతాచార్యుడు బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, శునకాన్ని ఒకే వరుసలో పేర్కొన్నాడు. గృహస్థునికి విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. వైశ్వదేవానంతరం శునకానికి బలి వేయమన్నది అందుకే. ఇంటింటా చేయవలసిన ఆ యజ్ఞాన్ని మనం మరచిపోయినందువల్లనే నేడు ఊరంతా కలసి చేయవలసి వచ్చింది.

ఇంతకూ ఏమి చేయాలి? ఒక చిన్న గ్రామపంచాయతీ తన నిధులతో శస్త్రచికిత్సాకేంద్రాన్ని నడుపజాలదు. కొన్ని మండలాలకు కలిపి ఒక కేంద్రం, దానికి అనుబంధంగా శరణాలయం ఉండాలని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. ఆసరా ఇవ్వడం మన విధి. మన ప్రాంతంలో గోశాలలకు దాతలున్నారు. భద్రకాళి సన్నిధిలో, వేయిస్తంభాల గుడిలో నిత్యం అన్నప్రసాదం కోరి మొక్కుకునేవారున్నారు. ఆ దాతృత్వంలో ఒక పాలు శునకశాలకు చేరితే గోమాత చిన్నబోదు. సత్సంగమండలులు వారానికొక పూట సేవకు పోవచ్చు. వీధిలో ఆహారం పెట్టేవారు బడిగేటు వద్ద కాక నిర్ణీతస్థలంలో పెట్టాలి, టీకా బాధ్యతనూ స్వీకరించాలి. మిగిలిన అన్నాన్ని, మాంసవ్యర్థాలను వీధిలో పారవేయడం మానాలి.

బిడ్డ నిర్భయంగా బడికి పోవాలి, శునకం నిర్భయంగా నిద్రించాలి. ఈ రెంటిలో ఒకటి చాలునన్న ఊరిలో ధర్మం ఒంటికాలిపై నిలుస్తుంది. జనమేజయుని సభలో సరమ అడిగిన ప్రశ్న ఇప్పుడు మన గ్రామసభల ముందున్నది. ఆనాటివలె మౌనం వహించక, మాట్లాడండి. వచ్చే గ్రామసభలోనే ఈ విషయాన్ని లేవనెత్తండి.