సాలగ్రామంలో ఉన్నదెవరు?

నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లే కుటుంబాలు జోమ్‌సోమ్ దాటాక కాగ్‌బేనీ దగ్గర జీపు ఆపిస్తాయి. మధ్యాహ్నమైతే కాలీగండకి లోయలో గాలి మనిషిని నిలవనివ్వదు కనుక వెతుకులాటంతా పొద్దుటి పూటే. తాత నుంచి మనవళ్ల దాకా నడుములు వంచి నల్లటి గుండ్రాళ్లు ఏరతారు. చుట్టలు తిరిగిన గీతలు కనబడితే సాలగ్రామం దొరికినట్టే. రాయి మగపిల్లాడి దోసిట్లోకి చేరుతుంది. ఆడపిల్ల చెయ్యి చాపితే "నువ్వు ముట్టుకోకూడదమ్మా" అంటారు.

వజ్రకీటం అనే పురుగు రాయిని తొలిచి లోపల విష్ణుచక్రం చెక్కిందని కథ. పురాణం ఒక ప్రాణి దాకా రానే వచ్చింది, అదీ మెచ్చుకోదగ్గదే! కాకపోతే ఆ ప్రాణి రాయిని తొలవలేదు, తనే రాయిలో చిక్కింది. దాని పేరు అమ్మొనైట్. ఆక్టోపస్‌కు, స్క్విడ్‌కు దూరపు చుట్టం. పెరిగేకొద్దీ గుల్లలో కొత్త గది కట్టుకుని ముందుకు జరిగేది, వెనక గదుల్లో గాలి నింపుకుని తేలేది. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట హిమాలయాల చోట టెథిస్ సముద్రం ఉండేది. చచ్చిన ప్రాణి గుల్ల అడుగు బురదలో దిగబడింది, చుట్టూ ఖనిజాలు గడ్డకట్టాయి. భారత ఫలకం ఆసియాను గుద్దుకుని ఆ అడుగునే ఆకాశానికి ఎత్తింది. మెత్తటి నల్ల పలకరాయి అరిగిపోగా గట్టి ఉండలు ఏట్లో దొర్లుతున్నాయి. సుత్తితో పగలగొడితే ఒక చెక్కలో గుల్ల, రెండో చెక్కలో దాని అచ్చు. బంగారు మెరుపు ఉంటే ధర పెంచుతారు గానీ, అది ఇనుము, గంధకం కలిసిన పైరైట్.

ఇంగ్లండ్‌లో విట్బీ తీరాన కూడా ఇలాంటి రాళ్లే దొరుకుతాయి. హిల్డా అనే సన్యాసిని పాములను రాళ్లుగా మార్చిందని అక్కడి కథ. తలలేని పాములేమిటని ఎవరైనా అడుగుతారని కాబోలు, అమ్మేవాళ్లు తలలు చెక్కి మరీ అమ్మారు. మన సంతల్లోనూ చక్రాలు చెక్కిన నకిలీలకు కొదవలేదు.

కథ వరకైతే పోనీ అనుకోవచ్చు. రోజూ అభిషేకం, నైవేద్యం తప్పితే ఇంటికి అరిష్టమన్న బెదిరింపు మాత్రం అలా వదిలేసేది కాదు. పిల్లలు అమెరికా వెళ్లిపోయాక, ఒంట్లో ఓపిక లేని ముసలివాళ్లు ఆ భయంతోనే తాతలనాటి సాలగ్రామాలను గుళ్లకు అప్పగిస్తున్నారు. కోట్ల ఏళ్లు బురదలో పడున్నప్పుడు దానికి నైవేద్యం పెట్టిందెవరు? ఏ ఆడదాని చెయ్యి తగిలి ఆ గుల్ల మైలపడింది? ఆ జీవుల్లో ఆడవీ ఉండేవి. పూజలో ఉన్నది ఆడదో మగదో పూజారికీ తెలియదు.

మన ప్రాణహిత–గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలూ ఇలాంటి శిలాజాలే; అవి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నాయి. వాటి ముందు మడి లేదు, ఆడామగా తేడా లేదు.

పూజ మానమని ఎవరినీ అడగడం లేదు. ఈసారి గండకి ఒడ్డున రాయి దొరికితే ముందు ఆడపిల్ల చేతిలో పెట్టండి, ఒక భూతద్దం కూడా ఇవ్వండి.