ఉమ్మెత్త పేరులోనే ఉంది

వినాయక చవితి దగ్గర పడితే చాలు, వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఓ సందేశం తిరుగుతుంది: ‘21 పత్రులూ ఔషధాలే, మన పెద్దల విజ్ఞానం చూడండి’ అని. ఆ పత్రుల్లో దత్తూరం, కరవీరం, అర్కం ఉన్నాయి. మన మాటల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. మూడూ విషాలే.

ఔషధం కాదని నేననను. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్‌ను కంటి డాక్టర్లు చుక్కల్లో వేస్తారు. కానీ ఆ చుక్క కొలిచింది. చెట్టుకు కొలత తెలియదు, కాయకూ కాయకూ విషం మారుతుంది. పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్త పసరు తాగించే నాటువైద్యుడికీ తెలియదు. ఆ పసరు రేబిస్‌ను ఆపదు సరికదా, టీకా వేయించుకోవాల్సిన సమయాన్ని తినేస్తుంది.

ఉమ్మెత్తను వెతుక్కుంటూ అడవికి పోనక్కర్లేదు. హన్మకొండ ఖాళీ ప్లాట్లలోనే మొలుస్తుంది. గింజ చూడటానికి మిరప గింజలా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పండించి పంపే ఊళ్లలో ఈ పోలిక చిన్న విషయం కాదు.

తిన్న గంట లోపే నోరు ఎండిపోతుంది. ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు కాలుతుంది, చెమట మాత్రం పట్టదు. కనుపాపలు పెద్దవవుతాయి. లేనివాళ్లతో మాటలు, గాలిలో దేన్నో ఏరుతున్నట్టు వేళ్లు. ఇది చూసి ఇంటివాళ్లు ఏమంటారు? గాలి సోకిందంటారు. బాణామతి అంటారు. భూతవైద్యుడొచ్చి వేపమండలు ఝాడించి తాయెత్తు కడతాడు. చాలామందిలో ఒకటి రెండు రోజులకు మత్తు దానంతటదే దిగుతుంది, పేరు తాయెత్తుకు పోతుంది. మోతాదు ఎక్కువై ప్రాణం పోతే? దయ్యం బలమైనదంటారు. ఎటు తిరిగినా ఓడని వైద్యం!

ఉమ్మెత్త అన్న పేరు సంస్కృత ‘ఉన్మత్త’ నుంచి వచ్చింది. పిచ్చెక్కించే చెట్టని పేరు పెట్టినవాళ్లకు అసలు సంగతి తెలుసు. పెద్దల విజ్ఞానం అంటే నాకు గుర్తొచ్చేది ఇదే, వాట్సాప్ సందేశం కాదు.

పచ్చగన్నేరు పప్పు తింటే తాయెత్తుకు ఆ కాస్త గడువూ ఉండకపోవచ్చు. దాని విషం నేరుగా గుండె లయను చెడగొడుతుంది. 108కు ఫోన్ చేసి ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు, తిన్న కాయో ఆకో మిగిలి ఉంటే సంచిలో వేసుకుని పోవాలి. డాక్టర్ మొదట అడిగేది అదే.