మోకాలి లోతు దాటనివ్వని కొలతలు

మా అన్నయ్య కూతురికి పందొమ్మిదేళ్ళు. కిందటి ఏడాది సంక్రాంతి వెళ్ళాక విశాఖపట్నంలో సర్ఫింగ్ నేర్చుకుంటానని బయల్దేరింది. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఒళ్ళు నల్లబడిపోతుందని వదిన, నలుగురూ చూస్తారని అన్నయ్య. ఎలాగో పదిరోజుల శిక్షణకు ఒప్పించింది. ఆ పదిరోజులూ అయ్యాక రాంబిల్లి వచ్చి నా పక్కన కూర్చుని ఒకటే ప్రశ్న అడిగింది. "అత్తా, నాతోపాటు అదేరోజు చేరిన అబ్బాయిల్ని నాలుగోరోజుకే లోపలి కెరటాల దగ్గరికి తీసుకెళ్ళారు. మేం నలుగురు అమ్మాయిలం పదోరోజు దాకా మోకాలి లోతు నురగలోనే ఉన్నాం. నాకు బోర్డు మీద నిలబడటం మూడోరోజుకే వచ్చేసింది. మరి నేను ఇంకా బిగినర్‌నేనా?"

శిక్షకుణ్ణి అడిగిందట. "ఆడపిల్లలు కదమ్మా, ఏదన్నా అయితే మీ ఇంట్లోవాళ్ళకి మేం ఏం చెప్పుకోవాలి?" అన్నాడట.

ఆ జవాబు గురించే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ మాట ఒక్క శిక్షకుడిది కాదు. బడిలో, ఆఫీసులో, సాహిత్య సభల్లో మనం విన్నదే. మన స్థాయిని ఎవరో నిర్ణయిస్తారు. దేన్నిబట్టి నిర్ణయించారో మాత్రం చెప్పరు.

అసలు ఏ తీరం ఎవరికి తగినదో ఎలా చూస్తారు? ఈ ఏడాదిగా దానితో కలిసి నేనూ తెలుసుకున్నాను. కెరటం ఎత్తు ఒక్కటే చాలదు. రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్ల వ్యవధి ఉందో చూడాలి. రెండడుగుల కెరటం ఆరు సెకన్లకొకటి వస్తే ఒక తీరు, పన్నెండు సెకన్లకొకటి వస్తే వేరే తీరు. రెండోది చాలా బలంగా తోస్తుంది. అడుగున ఇసుకా, రాళ్ళా అన్నది చూడాలి. ఒడ్డు వాలుగా ఉంటే కెరటం దూరంగానే విరిగి, నురగై మెల్లగా వస్తుంది. కొత్తవాళ్ళకు కావలసింది అదే. ఒడ్డు నిటారుగా దిగిపోతే కెరటం చివరిదాకా వచ్చి ఒక్కసారిగా ఇసుక మీద కూలుతుంది. మెడలు విరిగేది అలాంటిచోటే. పొద్దున్న నేలమీంచి గాలి వీస్తుంటే కెరటం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి మొదలయ్యాక గజిబిజి అయిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి పెద్ద కెరటాలొస్తాయి. నవంబరు దాటి తుఫాన్ల భయం తగ్గాక, వేసవి ముదరకముందు, సముద్రం కొంత నెమ్మదిస్తుంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, వ్యవధి, గాలి అంచనాలను ప్రతిరోజూ ఉచితంగానే ఇస్తోంది.

ఇవన్నీ చూసుకుంటే, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ, కెరటాలు చిన్నగా ఉన్న పొద్దుట పూట, రాళ్ళకు ఎడంగా, కొత్తవాళ్ళకు పనికొస్తుంది. లైఫ్‌గార్డులు ఉంటారు. అదే రుషికొండ ఆగస్టులో కొత్తవాళ్ళకు పనికిరాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉన్న యారాడ చూడ్డానికి అందంగా ఉంటుంది. లాగే నీళ్ళలో ఈదడం బాగా వచ్చినవాళ్ళే అక్కడ దిగాలి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట, మా రాంబిల్లి మండలంలో శారదానది కలిసేచోట, ఇసుక మేట మీద కెరటం చక్కగా విరుగుతుంది. కానీ ఆటుపోట్లతో మేటా మారుతుంది, ప్రవాహమూ మారుతుంది. అనుభవం ఉన్నవాళ్ళకే అది. పూడిమడక పడవలు దిగే తీరం, నేర్చుకునే చోటు కాదు. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం పని మొదలయ్యాక ఒకప్పటిలా ఎక్కడంటే అక్కడ దిగడమూ కుదరదు.

గమనించారా? ఈ లెక్కలో ఎక్కడా ఆడా మగా లేదు. ఎత్తు ఉంది, వ్యవధి ఉంది, వాలు ఉంది, గాలి ఉంది, ఈత ఉంది. మరి ఆ పదిరోజుల్లో 'ఆడపిల్లలు కదా' అన్న కొలత ఎక్కణ్ణించి వచ్చి చేరింది?

భద్రత కోసం అంటారు. సరే, భద్రత గురించే మాట్లాడుకుందాం.

2022 జులైలో పూడిమడక తీరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ వార్త విన్నరోజు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆడపిల్లలకు సముద్రం వైపు వెళ్ళొద్దని ఆంక్ష పడింది. ఈత నేర్పిద్దామని ఒక్క ఇంట్లోనూ అనుకోలేదు. వెనక్కి లాగే ప్రవాహాన్ని ఎలా గుర్తుపట్టాలో ఎవరూ చెప్పలేదు. ఆ లాగుడునే రిప్ కరెంట్ అంటున్నారు. అటూ ఇటూ కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట విరగవు. నీళ్ళు కాస్త నల్లగా, నిమ్మళంగా కనిపిస్తాయి. తెలియనివాళ్ళు 'ఇక్కడ నెమ్మదిగా ఉంది' అని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అది వదిలాక బయటికి రావాలి. ఈ నాలుగు వాక్యాలు ప్రాణం నిలుపుతాయి. నిషేధం నిలపలేదు, ఎందుకంటే పిల్లలు ఎలాగూ వెళ్తారు. చెప్పకుండా వెళ్తారు.

మేనకోడల్ని తీసుకుని నేను వాడలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. నా చిన్నప్పుడు గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటికి చేపలు తెచ్చేది. ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తూనే గుమ్మం ఇవతల నిలబెట్టి బేరమాడేవాళ్ళం. అది మరిచిపోయి ఈ వ్యాసం రాస్తే అబద్ధం రాసినట్టే. ఒడ్డున కూర్చుని ఆవిడ వేలు చూపించింది. "ఆడ నీరు ఇరగతందా? నేదు కదా? అది లాగీసే సోటు. ఇటు పక్క మేటుంది సూడు, తెప్పలు ఈ దారంటే వొచ్చీవి." మా అమ్మాయి తెల్లబోయింది. శిక్షణలో బోర్డు మీద గీతలు గీసి చెప్పిన పాఠం ఇదే. "మామ్మా, నువ్వెప్పుడైనా తెప్ప ఎక్కేవా?" అని అడిగింది. "ఆడోల్లం మనకేటమ్మా తెప్ప? మగోల్లు యెల్తే వొచ్చీదాకా ఒడ్డునే సూసుకుంటా కూకుంటాం. సూసి సూసి తెలిసిపోద్ది" అంది ఆవిడ.

దుంగలు కట్టిన తెప్ప మీద కెరటం దాటి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు అదే కెరటం వీపు మీద ఒడ్డుకు చేరడం ఈ తీరంలో తరతరాల విద్య. దాన్ని చూసి చూసి సముద్రం మొత్తం కంఠస్థమైన ఆడవాళ్ళు ఈ వాడల్లో ఉన్నారు. ఆ జ్ఞానానికి పేరు లేదు, సర్టిఫికెట్ లేదు, జీతం లేదు. ఏ శిక్షణ కేంద్రమూ వాళ్ళని పిలిచి 'ఈరోజు ఎక్కడ దిగొచ్చు?' అని అడగదు.

ఆడవాళ్ళకి ఈ ఆట కొత్తదేమీ కాదు. హవాయి దీవుల్లో రాణులూ మామూలు స్త్రీలూ మగవాళ్ళతోపాటు కెరటాల మీద స్వారీ చేసేవాళ్ళు. 1820లో వచ్చిన మిషనరీలు ఆ ఆటను, ఆ ఒంటి స్వేచ్ఛను తప్పుపట్టారు. మళ్ళీ ప్రపంచ సర్ఫ్ లీగ్‌లో స్త్రీలకు సమానమైన బహుమతి డబ్బు రావడానికి 2019 దాకా పట్టింది. మన దేశంలో ఇషితా మాలవీయ 2007లో కర్ణాటక తీరంలో సర్ఫింగ్ మొదలుపెట్టింది. మహాబలిపురం మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన కమలి మూర్తి జాతీయ పోటీల్లో గెలిచింది. 'బిగినర్' అన్న ముద్ర ఒంటి మీద పుట్టుమచ్చ కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ మనవాళ్ళే ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. తిండికి, చదువుకు, హింస లేని ఇంటికి పోరాడుతున్నవాళ్ళం, ఈ డబ్బున్నవాళ్ళ ఆటలతో మనకేం పని? నిజమే, బోర్డు ఖరీదైనదే. కానీ సముద్రం ఎవరి సొత్తు? రాంబిల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎందరో ఆడపిల్లలు తెల్లవారకముందే బస్సెక్కి అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు వెళ్తారు. ఇంతింత దగ్గరలో సముద్రం ఉంది. ఆదివారం వాళ్ళ అన్నదమ్ములు వెళ్తారు. వాళ్ళు బట్టలుతుకుతారు. సంతోషం కూడా హక్కేనని మనం ఎప్పుడు ఒప్పుకుంటాం? ముందు కన్నీళ్ళన్నీ తీరాలి, ఆ తర్వాతే ఆడుకోవాలి అనుకుంటే ఆ వంతు ఎన్నటికీ రాదు.

ఇంకో మాట, మన రచయిత్రులకు. సముద్రాన్ని మనం కవిత్వంలో ఎంత వాడుకున్నాం! అలలం మేమే అన్నాం, ఉప్పెనలం మేమే అన్నాం. మనలో ఎంతమందికి ఈత వచ్చు? నాకు రాదు. నలభై ఆరేళ్ళు ఈ తీరంలో బతికి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పాదాలు తడుపుకున్నదాన్ని. నన్ను ఒడ్డున నిలబెట్టినవాళ్ళని ఎంత తిట్టుకున్నా, ఆ ఒడ్డుకు నేను కూడా అలవాటుపడ్డాను.

అందుకే కొన్ని అడుగుతున్నాను. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఎవరిని ఏ స్థాయిలో, ఎందుకు ఉంచారో కాగితం మీద రాయాలి. ఈత ఎంత, నిలకడ ఎంత, ప్రవాహం గుర్తించడం వచ్చా రాదా అన్నవే అందులో ఉండాలి. ఆడ శిక్షకులు కావాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లేని తీరాన్ని 'కొత్తవాళ్ళకు అనువైనది' అని ఎవరూ రాయకూడదు. ఆ అనువు మగవాళ్ళ వరకే. తీరప్రాంత బడుల్లో ఆడపిల్లలకు ఈత పాఠం కావాలి. దానికి వాడల్లోని పెద్ద ఆడవాళ్ళని జీతమిచ్చి పిలవాలి.

మేనకోడలు ఈ ఏడాది మళ్ళీ వెళ్ళింది, వేరేచోటికి. చేరేముందే అడిగిందట, పైస్థాయికి పంపడానికి మీ లెక్కేమిటని. నేను విశాఖలో ఆడవాళ్ళ ఈత తరగతిలో పేరిచ్చాను. నడుం లోతు దాకా వచ్చాను.