సముద్రంలో కాకిలెక్కలు

ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్తాం. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తాం. వేలితో నొక్కి చూస్తాం. వంజరం కిలో ఎంత, చందువ ఎంత అని బేరమాడతాం. కాటా సరిగ్గా ఉందా అని ఓ కంట కనిపెడుతూనే ఉంటాం. 50 గ్రాములు తగ్గినా ఊరుకోం. ఇన్ని లెక్కలు చూసుకునే మనం ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగం... 'ఇలాంటివి సముద్రంలో ఇంకా ఎన్ని మిగిలాయి?' అని.

అడిగినా ఆ అమ్మే ఆవిడ ఏం చెబుతుంది పాపం! పట్టుకొచ్చిన ఆయనకీ తెలీదు. తెలియాల్సింది ప్రభుత్వానికి. ఎందుకంటే ఏ చేప ఎంత పట్టొచ్చు, ఎప్పుడు పట్టకూడదు, ఎంత చిన్న కన్ను ఉన్న వల వాడకూడదు అని నియమాలు పెట్టేది ప్రభుత్వమే కదా. మరి దానికెలా తెలుస్తుంది? చేపల్ని లెక్కపెట్టడం అడవిలో చెట్లను లెక్కపెట్టడం లాంటిదేననీ, కాకపోతే ఈ చెట్లు కంటికి కనపడవు, పైగా తిరుగుతూ ఉంటాయనీ బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ షెపర్డ్ పేరు మీద ఓ చమత్కారం ప్రచారంలో ఉంది. నీళ్లలో లెక్కపెట్టలేం కాబట్టి, ఒడ్డుకి వచ్చినవాటిని లెక్కపెట్టి లోపల ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తారు. కొన్ని దేశాలు పరిశోధన నౌకల్ని పంపి సొంతంగా వలలు వేయించి చూస్తాయి కూడా. అయినా అసలు ఆధారం మాత్రం, ఏ బోటు ఏ చేపను ఎన్ని కిలోలు పట్టిందో రాసే ఆ చిన్న కాగితమే.

ఆ కాగితం మీద కాకిలెక్క రాస్తే ఏమవుతుంది? 'చేపలేగా, ఏమవుతుందిలే' అనుకోకండి. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి.

బుట్ట ముంచితే చేపలే!

కెనడాకి తూర్పున అట్లాంటిక్‌లో న్యూఫౌండ్‌లాండ్ అని పెద్ద ద్వీపం ఉంది. 1497లో జాన్ కాబట్ అనే నావికుడు అటువైపు వెళ్లినప్పుడు, నీళ్లలో బుట్ట ముంచితే చాలు కాడ్ చేపలు దొరికేవట. అప్పట్నుంచి దాదాపు 500 ఏళ్లు ఆ దీవి కాడ్ మీదే బతికింది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఆ చేపను యూరప్ అంతా తినేది.

1950ల తర్వాత పెద్ద పెద్ద ఫ్యాక్టరీ ట్రాలర్లు వచ్చాయి. నడిసముద్రంలోనే చేపను కోసి, శుభ్రం చేసి, గడ్డకట్టించే నౌకలవి. 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నుల కాడ్ పట్టేశారు. చేప తగ్గుతోందని 1977లో కెనడా తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకూ తనదేనని ప్రకటించి విదేశీ నౌకల్ని కట్టడి చేసింది. హమ్మయ్య అనుకున్నారంతా. కానీ ఆ ఖాళీలోకి కెనడా సొంత ట్రాలర్లు దిగాయి.

అసలు పొరపాటు అక్కడే జరిగింది. సముద్రంలో ఎంత కాడ్ ఉందో లెక్కకట్టడానికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు ట్రాలర్లు గంటకు ఎంత పడుతున్నాయన్నదాన్ని కూడా ఆధారంగా తీసుకున్నారు. ఆ అంకె ఏటా బాగానే ఉంది. ఎందుకుండదు? మన ఊరి చెరువు ఎండిపోతున్నప్పుడు చూడండి. చేపలన్నీ మిగిలిన గుంటలోకి చేరతాయి. ఆ గుంటలో వల వేస్తే బరువుగానే వస్తుంది. ఆ వలను చూసి చెరువు నిండా చేపలున్నాయని రాసుకుంటే ఎలా! కాడ్ విషయంలో అదే అయింది. గుంపు ఎక్కడుందో సోనార్ యంత్రాలు చూపిస్తుంటే ట్రాలర్లు సూటిగా అక్కడికే వెళ్లి వల వేసేవి.

తీరం దగ్గర చిన్న పడవల మీద వేటాడేవాళ్లకు మాత్రం తేడా తెలిసిపోయింది. వాళ్లు గుంపుని వెతుక్కుంటూ పోలేరు కదా, చేపే వాళ్ల దగ్గరికి రావాలి. 1980ల మధ్యకొచ్చేసరికి చేపలు తక్కువగా వస్తున్నాయి, వచ్చినవీ చిన్నవే. 'ఏదో తేడాగా ఉంది' అని మొత్తుకున్నారు. వాళ్ల సంఘమే డబ్బులు పోగేసి 1986లో వేరే శాస్త్రవేత్తలతో ప్రభుత్వ లెక్కల్ని తిరగేయించింది. లెక్కల్లో తప్పుందని వాళ్లూ చెప్పారు. కానీ పడవవాడి మాటకి ఫైల్లో చోటెక్కడ?

చివరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలకే తమ తప్పు అర్థమైంది. 1989లో కోటాను 1.25 లక్షల టన్నులకు తగ్గించమన్నారు. అంత తగ్గిస్తే ఫ్యాక్టరీలు మూతపడతాయి, జనం గొడవ చేస్తారు. మంత్రిగారు 2.35 లక్షల టన్నులు ఖరారు చేశారు. కాగితం మీద అంకె పెరిగింది. నీళ్లలో చేప పెరగలేదు.

1992 జులై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్‌బీ కాడ్ వేటను పూర్తిగా నిషేధించారు. అంతకు ముందు రోజే బే బుల్స్ అనే ఊళ్లో తనను నిలదీసిన జాలర్ల మీద ఆయన విసుక్కున్నారు... 'నీళ్లలోంచి చేపల్ని తీసింది నేను కాదు' అని! ఒక్క ప్రకటనతో దాదాపు 30 వేల మంది పని పోయింది. 1991లో 5.68 లక్షలున్న ఆ రాష్ట్ర జనాభా 2001 నాటికి 5.13 లక్షలకు పడిపోయింది. పడవలు ఒడ్డున వదిలేసి కుర్రాళ్లంతా వేరే రాష్ట్రాలకు వలసపోయారు. రెండేళ్లే అన్న ఆ నిషేధం 32 ఏళ్లు సాగింది. 2024లో గానీ ఎత్తేయలేదు. అప్పుడైనా ఇచ్చిన కోటా ఎంతో తెలుసా? 18 వేల టన్నులు!

రెండు పుస్తకాలూ ఒకే చేతిలో...

న్యూఫౌండ్‌లాండ్‌లో లెక్క తప్పింది. అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డ్ రేవులో లెక్కను కావాలనే తప్పించారు.

అక్కడ బోటు యజమాని ఏ చేప ఎంత పట్టాడో రాసివ్వాలి. ఆ చేపను కొన్న వ్యాపారి ఏం కొన్నాడో విడిగా రాసివ్వాలి. రెండూ సరిపోతే సరే, లేకపోతే దొరికిపోతారు. ఏర్పాటు బాగానే ఉంది కదూ! కానీ కార్లోస్ రాఫెల్ అనే ఆసామికి బోట్లూ ఉన్నాయి, చేపలు కొనే కంపెనీ కూడా ఉంది. ఇంకేం, అమ్మేదీ ఆయనే, కొనేదీ ఆయనే. కోటా తక్కువగా ఉన్న కాడ్ లాంటి ఖరీదైన చేపల్ని పట్టి, కోటా దండిగా ఉన్న హ్యాడాక్ అని రెండు చోట్లా రాయించేవాడు. రెండు కాగితాలూ అచ్చు గుద్దినట్టు సరిపోయేవి!

2015లో వ్యాపారం అమ్మకానికి పెట్టినప్పుడు ఆదాయపన్ను అధికారులు రష్యా మాఫియావాళ్లలా వేషం కట్టి కొనడానికొచ్చారు. వాళ్ల ముందు ఆయనే తన ఘనత అంతా విప్పి చెప్పుకున్నాడు. 2016 ఫిబ్రవరిలో అరెస్టు, 2017లో 46 నెలల జైలుశిక్ష. దొంగలెక్క రాసిన చేప దాదాపు 7.8 లక్షల పౌండ్లు, అంటే 350 టన్నుల పైమాటే.

ఇందులో బాధ కలిగించే సంగతి ఇంకోటుంది. 2017 నవంబరులో ఆయన బోట్లున్న సంఘం మొత్తానికీ అధికారులు కాడ్, హ్యాడాక్ రకం చేపల వేటను ఆపేశారు. తప్పు చేసింది యజమాని. ఒడ్డున ఖాళీగా కూర్చుంది ఆ బోట్ల మీద కూలికి వెళ్లేవాళ్లు.

ఎక్కువ చెబితే ప్రమోషన్

చేప తక్కువ చూపించడమే మోసం అనుకుంటే పొరపాటు. ఎక్కువ చూపించేవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో ఏటా చేపలవేట పెరుగుతూనే ఉందని 1990లంతా లెక్కలు చెప్పాయి. 2001లో రెగ్ వాట్సన్, డేనియల్ పాలీ అనే శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఆ లెక్కల గుట్టు విప్పారు. చైనా 1999లో కోటి టన్నులు పట్టామని చెప్పుకుంటే, ఆ సముద్రాల స్థితిని బట్టి 55 లక్షల టన్నులకు మించి ఉండకూడదన్నది వారి అంచనా. కారణం మనకు కొత్తదేం కాదు. ఉత్పత్తి పెంచాల్సిందీ, పెరిగిందని లెక్క రాయాల్సిందీ అక్కడ ఒకే అధికారులు. అంకె పెరిగితేనే ప్రమోషన్. ఆ ఒక్క దేశం లెక్క సరిదిద్దితే ప్రపంచం మొత్తం మీద వేట పెరగడం కాదు, 1988 నుంచి తగ్గుతోందని తేలింది. చైనా ఆ విమర్శను ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాత వ్యవసాయ గణన చేసుకున్నాక 2006 నాటి చేపల ఉత్పత్తిని తానే 10 శాతానికి పైగా తగ్గించి రాసుకుంది.

నిజం చెబితే నష్టం లేకుండా...

అయితే జాలర్లంతా అబద్ధాలకోరులా? కానే కాదు. సంచిలో పది కిలోలే పట్టుకెళ్లమంటే మనమైనా ఏం చేస్తాం? మంచివి ఏరుకుని చిన్నాచితకా పారేస్తాం. కోటా పెట్టిన ప్రతిచోటా ఇదే జరిగింది. ధర రాని చేపను, కోటా దాటిన చేపను చచ్చాక మళ్లీ సముద్రంలోకి విసిరేస్తారు. అది ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

నార్వే దీనికో ఉపాయం కనిపెట్టింది. 1987లో కాడ్, హ్యాడాక్‌లను పారేయడాన్ని నిషేధించింది. పట్టిందంతా ఒడ్డుకి తేవాల్సిందే. కోటా దాటిన చేపను అమ్మగా వచ్చిన డబ్బులో సింహభాగం అమ్మకపు సంఘానికి పోతుంది. ఒడ్డుకి చేర్చినందుకు జాలరికి 20 శాతం దాకా ఇస్తారు. కావాలని ఎక్కువ పట్టేంత లాభం లేదు, పారేసి అబద్ధమాడేంత నష్టమూ లేదు. పిల్లచేపలు ఎక్కువగా పడుతున్న చోట వేటను వెంటనే ఆపేస్తారు.

అక్కడా అంతా సవ్యంగా ఉందని కాదు. బారెంట్స్ సముద్రంలో కాడ్ కోటా 2013లో 10 లక్షల టన్నులుంటే, 2025కి 3.4 లక్షలకు తగ్గించారు. చేప తగ్గింది. కానీ తగ్గిందని ముందే తెలిసింది, కోటా దించారు. న్యూఫౌండ్‌లాండ్‌లో తెలిసేసరికి దించడానికేం మిగల్లేదు.

మరి మన తీరంలో?

మన దగ్గర ఫలానా చేప ఇన్ని టన్నులే పట్టాలన్న కోటా లేదు. ఒకే వలలో పాతిక రకాలు పడే సముద్రం మనది. అందుకని వేట ఎప్పుడు, ఎక్కడ అన్నదాని మీదే నియమాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు తూర్పుతీరంలో మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. ఆ రెండు నెలలకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది.

లెక్క సంగతికొస్తే, కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిబ్బంది దేశమంతటా ఎంపిక చేసిన రేవులకు, ఎంపిక చేసిన రోజుల్లో వెళ్లి, కొన్ని పడవల చేపల్ని చూసి మొత్తం అంచనా వేస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూసినట్టన్నమాట. 2024లో దేశం మొత్తం మీద 34.7 లక్షల టన్నులని అలాగే తేల్చారు. మంచి పద్ధతే. కానీ నడిసముద్రంలో పారేసింది ఆ మెతుకులో కనపడదు. ఒకప్పుడు విశాఖ నుంచి రొయ్యల కోసం వెళ్లిన పెద్ద ట్రాలర్లు రొయ్య ఉంచుకుని మిగతా చేపను నీళ్లలోకే నెట్టేసేవి. అది ఏ లెక్కలోకి వచ్చింది?

లెక్క ఉంటే ఎంత మేలో కేరళ కవ్వళ్లు చెబుతాయి. 2012లో దాదాపు 4 లక్షల టన్నులు దొరికిన ఆ చేప 2021లో 3,300 టన్నులకు పడిపోయింది. సముద్రం వేడెక్కడం ఒక కారణమైతే, పిల్లచేపల్ని తోడేయడం మరో కారణమన్నారు. ఏటా లెక్క రాశారు కాబట్టే ఆ పతనం కళ్లకు కట్టింది. ఇంత పొడవుకన్నా చిన్నది పట్టకూడదని అక్కడి ప్రభుత్వం 2015లో మొదలుపెట్టి 58 రకాలకు కొలతలు పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో కవ్వళ్లు మళ్లీ లక్ష టన్నులు దాటాయి.

లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. తుపాను వేళ ప్రాణాలు కాపాడే పరికరం, సంతోషం. కానీ అది పడవ ఎక్కడుందో చెబుతుంది. వలలో ఏం పడిందో చెప్పదు. అది చెప్పాల్సింది పడవలో ఉన్న మనిషే. చెబితే సాయం ఆగిపోతుందేమో, కేసు పెడతారేమో అన్న భయం లేకపోతేనే ఆయన చెబుతాడు. చెప్పిన మాట రాసుకునే అధికారికి, అంకె పెంచాలన్న ఒత్తిడి లేకపోతేనే ఉన్నది ఉన్నట్టు రాస్తాడు.

మన వంతు కూడా కొంచెం ఉందండోయ్. ఈసారి మార్కెట్‌కి వెళ్లినప్పుడు వేలెడంత వంజరం పిల్లలు కుప్పపోసి కనిపిస్తే, చవకే కదా అని కొనకండి. 'ఏమ్మా, చేపలు మునుపటంత పెద్దవి వస్తున్నాయా?' అని ఆ అమ్మే ఆవిడను ఒక్క మాట అడగండి. న్యూఫౌండ్‌లాండ్‌లో పెద్దలు వినకుండా వదిలేసింది సరిగ్గా ఆ ప్రశ్నకు వచ్చిన జవాబునే.